కుక్కలలో సమతౌల్య లోపం

కుక్క లోపలి చెవిలో గాని, అక్కడి నుండి బయలుదేరే నాడిలో గాని, మెదడులో గాని కలిగే లోపం వలన అది శరీరాన్ని నిలకడగా ఉంచుకోలేక తూలి పడిపోవడాన్ని సమతౌల్య లోపం అంటారు. పశువైద్యులు దీనిని వెస్టిబ్యులార్ సిండ్రోమ్ అని వ్యవహరిస్తారు. ఇది ఒకే వ్యాధికి పేరు కాదు. అనేక కారణాల వలన కలిగే కొన్ని లక్షణాల సముదాయానికి పెట్టిన పేరు. ముసలి కుక్కలలో ఏ కారణమూ కనపడకుండానే ఇది హఠాత్తుగా రావచ్చును. అటువంటి కుక్కను చూచినవారికి పక్షవాతం వచ్చిందనో, అవసాన కాలం సమీపించిందనో, వీధి కుక్క అయితే పిచ్చి ఎక్కిందనో అనిపిస్తుంది. అయితే ఈ రకం సమతౌల్య లోపం చాలావరకు రెండు మూడు వారాలలో దానంతట అదే తగ్గిపోతుంది. కనుక మొదటి మూడు రోజులలో యజమాని తీసుకొనే నిర్ణయం మీదనే ఎన్నో కుక్కల ప్రాణం ఆధారపడి ఉన్నది.

ఈ వ్యాసంలోని సంరక్షణ వివరాలు అనకాపల్లి వంటి కోస్తా పట్టణాల వాతావరణాన్ని, అక్కడ లభించే వైద్య సదుపాయాలను దృష్టిలో ఉంచుకొని ఇవ్వబడినవి.

లక్షణాలు

రాత్రి మామూలుగా తిని పడుకొన్న కుక్క తెల్లవారి లేవబోయి ఒక ప్రక్కకు ఒరిగిపోతుంది. మళ్ళీ లేవబోతే మళ్ళీ అదే ప్రక్కకు పడుతుంది. తల ఒక వైపుకు వాలి ఉంటుంది. నడవగలిగిన కుక్క కాళ్ళు వెడల్పుగా పెట్టి, గోడను ఆనుకొని, లేదా ఒకే వైపుకు వలయంగా తిరుగుతూ నడుస్తుంది. తీవ్రంగా ఉన్నప్పుడు నేల మీద దొర్లిపోతుంది. నోటి వెంట చొంగ కారడం, వాంతులు, తిండి ముట్టకపోవడం కూడా సాధారణమే. కడలిలో పడవ ఎక్కినవారికి కడుపులో తిప్పినట్లే దానికీ తిప్పుతుంది.

అన్నిటికంటె స్పష్టమైన గుర్తు కళ్ళలో కనపడుతుంది. కనుగుడ్లు ఒక దిక్కుకు మెల్లగా జరిగి, ఎదురు దిక్కుకు ఒక్క ఉదుటున వెనక్కు వస్తాయి. ఈ కదలిక ఆగకుండా సాగుతుంది. దీనిని నిస్టాగ్మస్ అంటారు. కొందరు దీనిని మూర్ఛ అని పొరబడతారు. మూర్ఛ వచ్చిన కుక్కకు సాధారణంగా స్పృహ ఉండదు, కాళ్ళు కొట్టుకొంటాయి, కొద్ది నిమిషాలలో అది ముగుస్తుంది. సమతౌల్యం తప్పిన కుక్కకు స్పృహ ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే చెవులు కదుపుతుంది, తోక ఆడించడానికి ప్రయత్నిస్తుంది.

చెవికీ నిలకడకూ సంబంధం

చెవి వినడానికే అని చాలామంది అనుకొంటారు. లోపలి చెవిలో వినికిడికి కర్ణావర్తం ఉన్నట్లే, నిలకడకు మూడు అర్ధవర్తుల కుల్యలు, యుట్రిక్యులస్, సాక్యులస్ అనే రెండు చిన్న సంచులు ఉన్నాయి. మూడు కుల్యలూ మూడు వేర్వేరు తలాలలో ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరి ఉంటాయి. వీటి లోపల ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఈ ద్రవం వెనుకబడి, అక్కడ ఉన్న సున్నితమైన రోమ కణాలను వంచుతుంది. ఆ వార్త 8వ కపాల నాడి ద్వారా మెదడు కాండానికి, అనుమస్తిష్కానికి చేరుతుంది. తల నిటారుగా ఉన్నదో వాలి ఉన్నదో తెలిపే పని రెండు సంచులలోని సూక్ష్మమైన సున్నపు రేణువులది. పిల్లలు గిరగిరా తిరిగి ఆగినప్పుడు ప్రపంచం ఇంకా తిరుగుతున్నట్లు తోచడానికి కారణం, శరీరం ఆగినా కుల్యలలోని ద్రవం వెంటనే ఆగకపోవడమే.

కుక్క కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా కుడి, ఎడమ చెవుల నుండి మెదడుకు సమానంగా సంకేతాలు వెళుతూనే ఉంటాయి. త్రాసు రెండు తట్టలలోనూ సమానమైన బరువు ఉన్నట్లు భావించవచ్చును. ఎడమ చెవి పని మానివేసిందనుకొందాం. కుడి సంకేతాలదే పైచేయి కావడంతో, తల కుడివైపుకు తిరుగుతున్నదని మెదడు భ్రమపడుతుంది. ఆ భ్రమను సరిచేయడానికి కళ్ళు మెల్లగా ఎడమకు జరుగుతాయి, వెంటనే విసురుగా కుడికి వస్తాయి. కుడి కాళ్ళ కండరాలు బిగుసుకొని శరీరాన్ని ఎడమకు నెట్టుతాయి. అందువలననే తల వాలినదీ, కుక్క పడేదీ సాధారణంగా జబ్బు పడిన చెవి వైపునకే.

కుల్యలకు సమతౌల్యంతో సంబంధం ఉన్నదని తెలియడానికి మొదటి ఆధారం పావురాల నుండి వచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త ప్యేర్ ఫ్లూరెన్స్ 1820ల కాలంలో పావురాల కుల్యలను కోసి చూడగా, ఏ కుల్యను కోస్తే ఆ తలంలోనే అవి తల త్రిప్పసాగాయి. తరువాత వియన్నాకు చెందిన చెవి వైద్యుడు రాబర్ట్ బరానీ, రోగుల చెవులు కడిగేటప్పుడు నీరు మరీ చల్లగా గాని వేడిగా గాని ఉంటే వారికి కళ్ళు తిరుగుతున్నాయని గమనించి, దాని నుండి ఒక పరీక్షా విధానాన్ని రూపొందించాడు. ఆయనకు 1914 సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆ వార్త వచ్చేనాటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యావారి చేతిలో ఖైదీగా ఉన్నాడు. ఇది కేవలం చరిత్ర కాదు. చల్లని మందు నీరు చెవిలో పోసి కడిగినప్పుడు కుక్క క్షణకాలం తూలడానికి కూడా బరానీ చూపిన కారణమే వర్తిస్తుంది. మందును అరచేతిలో కొంచెం గోరువెచ్చగా చేసి వాడమనడం అందుకే.

కారణాలు

లోపం చెవిలోనో నాడిలోనో ఉంటే పరిధీయ రకమనీ, మెదడులో ఉంటే కేంద్రీయ రకమనీ విభజిస్తారు. మొదటిది ఎక్కువగా కనపడేది, సాధారణంగా ప్రమాదం తక్కువది.

పరిధీయ రకంలో ముఖ్యమైనది ముసలి కుక్కలకు కారణం తెలియకుండా వచ్చేది. సుమారు పన్నెండు, పదమూడేళ్ళ వయసు కుక్కలలో ఇది ఎక్కువ. చెవిని పరీక్షిస్తే ఏమీ కనపడదు, రక్త పరీక్షలు మామూలుగా ఉంటాయి. కారణం దొరకలేదన్నది వైద్యుని లోపం కాదు. ఈ రకానికి అదే నిర్వచనం.

రెండవది చెవి వాపు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ. వ్రేలాడే చెవులు గల లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటి జాతులలో చెవి గొట్టం ఎప్పుడూ చెమ్మగానే ఉండి శిలీంధ్రాలు, బాక్టీరియా పెరుగుతాయి. పూడిమడక, రేవుపోలవరం తీరాలకు తీసుకొనిపోయి స్నానం చేయించి చెవులు తుడవకుండా వదిలివేసిన కుక్కలకు ఈ బాధ రావచ్చును. బయటి చెవిలో మొదలైన చీము కర్ణభేరిని దాటి లోపలికి చేరితే సమతౌల్యం తప్పుతుంది. చెవి దుర్వాసన, గోక్కోవడం, తల విదిలించడం దీనికి ముందుగా కనపడే గుర్తులు. ఒక ప్రక్క ముఖం జారిపోవడం, ఒక కంటిపాప చిన్నదై రెప్ప వాలడం కూడా జరగవచ్చును. ఇటువంటి చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోయడం ఇళ్ళలో ఉన్న అలవాటే గాని చాలా హానికరం. కర్ణభేరి చిల్లుపడి ఉంటే నూనె నేరుగా లోపలికి దిగుతుంది. జెంటామైసిన్ చుక్కలు, క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం కూడా చిల్లుపడిన చెవిలో వినికిడికి, నిలకడకు చేటు చేయగలవు. కనుక కర్ణభేరిని చూడకుండా ఏ మందూ వేయరాదు.

మందుల వలన వచ్చే సమతౌల్య లోపాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ మాత్రలు ప్రతి మందుల దుకాణంలోనూ దొరుకుతాయి. వీటిని కుక్క బరువు చూడకుండా ఎక్కువ మోతాదులో గాని, వారాల తరబడి గాని ఇస్తే మెదడు మీద ప్రభావం చూపి కుక్క తూలుతుంది. మందు ఆపితే సాధారణంగా కొద్ది రోజుల నుండి రెండు వారాలలోగా కోలుకొంటుంది. వైద్యులు డయజిపామ్ ఇచ్చి ఈ కాలాన్ని తగ్గించగలరు. కాబట్టి గత నెల రోజులలో కుక్కకు ఇచ్చిన ప్రతి మందు పేరూ వైద్యునికి చెప్పవలెను. ఇంట్లోవారు సిగ్గుపడి దాచే విషయం ఇదే.

కేంద్రీయ రకానికి మెదడులో రక్తనాళం మూసుకొనిపోవడం, కంతులు, మెదడువాపు కారణాలు. మన ప్రాంతంలో పిడుదుల వలన వచ్చే ఎర్లిషియా జ్వరాన్ని కూడా మరువరాదు. గోధుమరంగు కుక్క పిడుదు దీనిని వ్యాపింపజేస్తుంది. జ్వరం, నీరసం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుండి రక్తం దీని లక్షణాలు. కొన్ని కుక్కలలో నాడీమండలానికి సోకి తూలుడు కలుగుతుంది. దీనికి డాక్సీసైక్లిన్ వాడతారు. ఇది టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో వెలువడింది. టీకాలు వేయని చిన్న కుక్కలలో డిస్టెంపర్ వలన కూడా తూలుడు వస్తుంది. కళ్ళ నుండి, ముక్కు నుండి చీము వంటి స్రావం, దవడ అదరడం దాని జాడలు. థైరాయిడ్ లోపం కూడా ఒక కారణమే. జర్మన్ షెపర్డ్, డాబర్మన్ వంటి కొన్ని జాతుల పిల్లలలో పుట్టుకతోనే ఈ లోపం ఉండవచ్చును.

పిచ్చికుక్క అనే భ్రమ

వీధిలో ఒక కుక్క చొంగ కారుస్తూ, తూలుతూ, గుండ్రంగా తిరుగుతూ కనపడితే జనం మొదట అనే మాట పిచ్చికుక్క. ఆ తరువాత కర్రలు లేస్తాయి. రేబిస్ భయం అకారణమైనది కాదు. లక్షణాలు బయటపడిన తరువాత ఆ వ్యాధికి చికిత్స లేదు. అయితే ఆ భయం వలన చెవి జబ్బుతో తూలే ముసలి కుక్కలు కూడా దెబ్బలకు బలి కావచ్చును. కనుక రెండింటికీ గల తేడా తెలిసి ఉండడం మంచిది.

రేబిస్ సోకిన కుక్క ప్రవర్తన మారిపోతుంది. పెంచినవారిని గుర్తించక మీదికి రావచ్చు, లేదా చీకటి మూలలకు చేరి దాగవచ్చు. గొంతు మారుతుంది, క్రింది దవడ జారిపోతుంది, మ్రింగలేదు. రోజురోజుకూ క్షీణించి సాధారణంగా పది రోజులలోపు మరణిస్తుంది. సమతౌల్యం తప్పిన కుక్క మనిషి దగ్గరకు చేరాలని చూస్తుంది, కడుపులో త్రిప్పుడు తగ్గగానే తింటుంది, రెండు మూడు రోజులకు కొంత మెరుగవుతుంది. అయినప్పటికీ రేబిస్ కూడా కొన్ని కుక్కలలో తూలుడుతో మొదలు కావచ్చును. కేవలం కంటితో చూసి ఇది రేబిస్ కాదని తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. టీకా వేసిన దాఖలా లేని కుక్కను పట్టుకొనేటప్పుడు మందపాటి గోనె గుడ్డ, చేతి తొడుగులు వాడాలి. గొంతులో ఏదో ఇరుక్కున్నదని నోటిలో చేయి పెట్టరాదు. కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజున ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. కుక్క బ్రతికి ఉన్నది గదా అని ఆగరాదు. కుక్కను మాత్రం మూసిన ఆవరణలో ఉంచి, నీడ, నీరు కల్పించి, పశువైద్యునికి కబురు చేయాలి.

కుక్కను కొట్టి చంపడం నేరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంతో పాటు, 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కూడా దీనికి వర్తిస్తుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, నయం కాని జబ్బు గల వీధి కుక్కను కూడా అర్హులైనవారు నిర్ధారించిన తరువాత పశువైద్యుడే బాధ లేని పద్ధతిలో ప్రాణం తీయాలి.

వైద్య పరీక్ష

పట్టణంలోని ప్రభుత్వ పశువైద్యశాలలు ఎక్కువగా పాడి పశువుల కోసం ఏర్పడినవే అయినా కుక్కలకు కూడా చికిత్స చేస్తాయి. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయినప్పటికీ, ప్రత్యేక పరీక్షలు అవసరమైతే విశాఖపట్నం గాని, విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాలకు గాని వెళ్ళవలసి ఉంటుంది. కళ్ళు తిరుగుతున్న కుక్కకు జాతీయ రహదారి మీద ప్రయాణం ఇంకా వాంతులు తెప్పిస్తుంది. మొదట ఊళ్ళోనే చూపించి, అవసరమని చెబితేనే దూరం తీసుకొని వెళ్ళడం మేలు.

ఎం.ఆర్.ఐ. వంటి సదుపాయం లేకపోయినా వైద్యుడు చాలా విషయం తేల్చగలడు. కుక్క పాదాన్ని వెనక్కు మడిచి నేల మీద ఆనిస్తే, ఆరోగ్యమైన నాడులు గల కుక్క దానిని వెంటనే సరిచేసుకొంటుంది. సరిచేసుకోలేకపోతే లోపం మెదడులో ఉన్నదని అనుమానించాలి. కనుగుడ్లు పైకి క్రిందికి కదలడం, పడుకోబెట్టిన భంగిమను బట్టి కదలిక దిక్కు మారడం, మగతగా ఉండడం, ఒక ప్రక్క కాళ్ళలో బలం లేకపోవడం కూడా అటువంటి గుర్తులే. ఫోనులో కళ్ళ కదలికను, నడకను అర నిమిషం వీడియో తీసి ఉంచితే ఎంతో ఉపయోగం. వైద్యశాలకు చేరేసరికి లక్షణం తగ్గిపోవచ్చును.

చికిత్స

కారణం దొరికితే దానికి చికిత్స చేస్తారు. చెవి వాపుకు వారాల తరబడి యాంటీబయాటిక్ అవసరం కావచ్చును. కారణం లేని ముసలి కుక్కల రకానికి ప్రత్యేకమైన మందు లేదు. వాంతులకు మారోపిటాంట్, అవసరమైతే సెలైను ఇస్తారు. స్టెరాయిడ్ల వలన ఈ రకం త్వరగా తగ్గుతుందని రుజువు కాలేదు. మనుషులు కళ్ళు తిరిగినప్పుడు వేసుకొనే మాత్రలను ఇంట్లో ఉన్నాయి కదా అని కుక్కకు వేయరాదు. ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ వంటి నొప్పి మాత్రలు దానికి విషతుల్యం కాగలవు.

మొదటి రోజు కుక్క అవస్థ చూడలేక కొందరు యజమానులు సుఖమరణపు సూదిమందు అడుగుతారు. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. కాని ఈ జబ్బు మొదటి రోజే అత్యంత భయంకరంగా కనపడుతుంది. కేంద్రీయ రకపు గుర్తులు లేనప్పుడు కనీసం మూడు రోజులు ఆగి చూడకుండా అటువంటి నిర్ణయం తీసుకోవడం తగదు. మెదడులో రక్తనాళం మూసుకొనిపోయిన కుక్కలు కూడా కొన్ని వారాలలో గణనీయంగా కోలుకోవడం కద్దు.

ఇంటివద్ద సంరక్షణ

నున్నటి టైల్సు, నాపరాళ్ళ నేల ఈ కుక్కకు ప్రథమ శత్రువు. కాళ్ళకు పట్టు దొరకక ప్రతి ప్రయత్నంలోనూ జారి, భయపడి, లేవడమే మానుకొంటుంది. గోనె సంచులు విప్పి పరచినా చాలును. వాటి మీద కాలు నిలుస్తుంది. పడుకొనే చోట పాత బొంత మడత పెట్టి వేయాలి. మేడ మెట్లు, అరుగులు, పిట్టగోడ లేని డాబాలు, నేల బావి వైపుకు పోకుండా అడ్డు పెట్టాలి. గది గోడ మూలకు దిండ్లు ఆనించి దాని మధ్య పడుకోబెడితే దొర్లిపోదు.

ఎత్తుకొని గాలిలో త్రిప్పరాదు. కాళ్ళు నేలకు ఆనకపోతే దాని భ్రమ మరింత ఎక్కువవుతుంది. మూత్రానికి తీసుకొని వెళ్ళేటప్పుడు పొడవైన తువ్వాలును గాని, పాత చీర మడతను గాని పొట్ట క్రింద నుండి వేసి రెండు కొసలూ పైకి పట్టుకొంటే, బరువు మనిషి మోస్తాడు, అడుగు కుక్క వేస్తుంది. పన్నెండు గంటలు దాటినా మూత్రం పోయకపోతే వైద్యునికి చెప్పాలి.

తిండి, నీరు నోటి దగ్గరకే తీసుకొని రావాలి. గిన్నె నేల మీద ఉంటే తల వంచగానే ముందుకు పడుతుంది. మెత్తగా కలిపిన పెరుగన్నం, పలుచని చోడి అంబలి, ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన కోడిమాంసం ముద్దలు చేతితో కొద్దికొద్దిగా పెట్టవచ్చును. కుక్క కిలో బరువుకు రోజుకు సుమారు 50 నుండి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి. అనగా ఇరవై కిలోల కుక్కకు లీటరు, ఆ పైన కొంచెం. తిండిలో కలిసిన నీరు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. త్రాగడం లేదని బెల్లం నీళ్ళో మజ్జిగో నోరు తెరిచి పోయడం ప్రమాదం. అది ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియాకు దారి తీస్తుంది. కుక్క ఛాతీ మీద ఆని, తల నిటారుగా ఉన్నప్పుడు మాత్రమే, అదే నాకేటట్లు పట్టాలి. ఒక రోజంతా నీరు నిలవకపోతే సెలైను అవసరమని తెలుసుకోవాలి.

ఒకే ప్రక్కన పడి ఉన్న కుక్కకు పుండ్లు పడతాయి. నాలుగైదు గంటలకు ఒకసారి ప్రక్క మార్చాలి. త్రిప్పేటప్పుడు వీపు మీదుగా దొర్లించక, ముందు ఛాతీ మీద కూర్చుండబెట్టి తరువాత రెండవ ప్రక్కకు వాల్చాలి. తడిసిన బొచ్చు మీద ఈగలు గ్రుడ్లు పెడితే ఒకటి రెండు రోజులలో పురుగులు పడతాయి. లేవలేని కుక్కకు అసలు జబ్బు కంటె ఇదే ప్రాణాంతకం కావచ్చును. తోక క్రింద, తొడల మధ్య రోజుకు రెండు మూడుసార్లు తుడిచి ఆరబెట్టాలి. దోమతెర వేస్తే ఈగలూ ఆగుతాయి. చీమల మందు కుక్క నాకే చోట చల్లరాదు. పడక చుట్టూ నేలను తడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి. బెల్లం వ్యాపారానికి పేరు పడిన ఊరిలో చీమల గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

రాత్రి చిన్న దీపం వెలుగుతూ ఉండనివ్వాలి. చెవి ఇచ్చే సమాచారం తప్పుగా ఉన్నప్పుడు కుక్క కళ్ళను, పాదాల స్పర్శను ఆధారం చేసుకొంటుంది. చీకటిలో ఆ ఆధారాలలో ఒకటి పోతుంది. ముట్టుకొనే ముందు పేరు పెట్టి పిలవాలి. పిల్లలను మీద పడనీయరాదు. ఎంత నెమ్మదైన కుక్క అయినా ఈ స్థితిలో ఉలికిపడి కరవవచ్చును.

కోలుకొనే క్రమం

మొదటి ఒకటి రెండు రోజులు తీవ్రంగా ఉంటుంది. మూడవ రోజుకు సాధారణంగా కనుగుడ్ల కదలిక నెమ్మదిస్తుంది, వాంతులు తగ్గుతాయి, కొంచెం తింటుంది. వారం తిరిగేసరికి తూలుతూనైనా తనంతట నడుస్తుంది. రెండు మూడు వారాలకు దాదాపు మామూలు అవుతుంది. ఈ మెరుగుదలలో చెవి బాగుపడడం కొంత అయితే, కొత్త పరిస్థితికి మెదడు అలవాటు పడడం చాలా. మెదడుకు ఆ అలవాటు కదలిక వలననే కలుగుతుంది. కాబట్టి వాంతులు తగ్గిన తరువాత రోజుకు నాలుగైదుసార్లు, తువ్వాలు ఆసరాతో, మట్టి నేల మీద గాని గడ్డి మీద గాని కొద్ది నిమిషాలు నడిపించాలి. జాలితో నెలంతా పడుకోబెట్టిన కుక్క ఆలస్యంగా కోలుకొంటుంది, కాళ్ళ కండరాలు కూడా కరిగిపోతాయి.

మూడు రోజులకు ఏ మాత్రం మార్పు లేకపోయినా, మొదట తగ్గి మళ్ళీ పెరిగినా, మగత, మూర్ఛ, కాళ్ళలో బలహీనత తోడైనా తిరిగి పరీక్ష చేయించాలి. కొన్ని కుక్కలకు నెలల తరువాత ఇదే జబ్బు మళ్ళీ రావచ్చును. కొన్నింటికి తల కొంచెం వాలి అలాగే ఉండిపోతుంది. దాని వలన తినడానికి, తిరగడానికి, కాపలా కాయడానికి ఇబ్బంది ఏమీ ఉండదు. మెట్లు దిగేటప్పుడు, వేగంగా మలుపు తిరిగేటప్పుడు మాత్రం అప్పుడప్పుడు తడబడుతుంది.